2017 అని అమ్మిన 2015 బండి

ఎడిటర్ గారికి నమస్కారం.

సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీల మీద ఆదివారం మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. ధరలు, ఈఎంఐలు, మైలేజీ అన్నీ బాగానే రాశారు గానీ చివర్లో 'మంచి మోడల్ ఇయర్ చూసుకుని కొనండి' అని ఒక్క ముక్క అనేసి వదిలేశారు. అసలు కథంతా ఆ ముక్కలోనే ఉందండీ. సరిగ్గా అక్కడే నేను దెబ్బతిన్నాను, అందుకే ఈ ఉత్తరం.

మాది అనంతపురం వైపు పల్లె, పద్నాలుగేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నాన్నకు మోకాళ్ల నొప్పులు, ఎత్తుగా ఉండే బండైతే ఎక్కి దిగడానికి హాయిగా ఉంటుందని ఇంట్లో చెప్పి మూడేళ్ల కిందట ఒక జర్మన్ ఎస్‌యూవీ కొన్నాను. (నాన్నకు ఆ నొప్పులు లేకపోయినా కొనేవాడినే, అది వేరే సంగతి.) ప్రకటనలో '2017 మోడల్, సింగిల్ ఓనర్, 52 వేల కిలోమీటర్లు' అని ఉంది. డీలరు ఫోన్లో ఆర్‌సీ ఫొటో చూపించాడు, రిజిస్ట్రేషన్ తేదీ 2017 జనవరి. అంతవరకే చూశాను. సీట్లు చూశాను, సన్‌రూఫ్ తెరిచి మూసి చూశాను, పాటలు పెట్టి చూశాను.

ఎనిమిది నెలలు బాగానే నడిచింది. ఒకరోజు పొద్దున బేస్‌మెంట్‌లోకి దిగితే బండి వెనక ఎడమ వైపు కుంగిపోయి, గేదె ఒరిగి పడుకున్నట్టు ఉంది. స్ప్రింగుల బదులు బండిని గాలితో మోసే ఎయిర్ సస్పెన్షన్ బెలూన్ లీకవుతోంది. స్టార్ట్ చేస్తే కంప్రెసర్ గుర్రుమని లోపల గాలి నింపుకుని కాసేపటికి లేచింది, మర్నాటి పొద్దునకి మళ్లీ అదే వాలకం. షోరూంలో చెప్పిన ఎస్టిమేట్ విని తెలిసిన మెకానిక్ దగ్గరికి పోయాను, మదనపల్లె అబ్బాయి, పనిమంతుడు. 'ఏ ఇయర్ అన్నా?' అన్నాడు, '17' అన్నాను. జేసీ రోడ్డులో అదే చెప్పి పార్టు తెప్పించాడు. పెట్టె విప్పి కొత్తదాన్ని పాతదాని పక్కన పెడితే పైన బిగించే చోట బోల్టు రంధ్రాలే కలవలేదు. అతను చేతులు తుడుచుకుని ఆర్‌సీ కార్డు అడిగాడు, అటూ ఇటూ తిప్పి చూసి 'అన్నా, మీరు కొన్నది పదిహేడు బండి కాదు, పదిహేను బండి' అన్నాడు. తయారైన నెల దగ్గర 11/2015 అని ఉంది. ఎనిమిది నెలలుగా ఆ కార్డు నా పర్సులోనే ఉంది!

డీలరుకి ఫోన్ చేస్తే 'రిజిస్ట్రేషన్ పదిహేడే కదా సార్, మేమేం అబద్ధం చెప్పలేదు' అన్నాడు. నిజమే, చెప్పలేదు. ఎక్కడో యార్డులో పద్నాలుగు నెలలు పడి ఉన్న బండిని 2017 జనవరిలో రిజిస్టర్ చేశారు, మధ్యలో కంపెనీ ఆ మోడల్‌కి మెరుగులు దిద్దింది (దీన్నే ఫేస్‌లిఫ్ట్ అంటారు), దాంతో కొన్ని పార్టులు మారిపోయాయి. నేను ఫేస్‌లిఫ్ట్ తర్వాతి బండి ధర ఇచ్చి ముందటి బండి తెచ్చుకున్నాను.

ఆ తర్వాత పట్టుబట్టి దీని గురించి చదివాను, మెకానిక్‌లను విసిగించాను. అర్థమైంది ఏమిటంటే సంవత్సరం అంకె ఒక్కటే పెట్టుకుంటే ఏమీ తెలియదు, ఏ నెలలో తయారైంది, అప్పుడు దాంట్లో ఏ ఇంజిన్ పెడుతున్నారు అన్నది తెలియాలి. బీఎండబ్ల్యూ ఎక్స్3నే తీసుకోండి (నాది అది కాదు). 2014 ఆగస్టులో ఇక్కడ ఫేస్‌లిఫ్ట్ వచ్చింది. అంతకుముందు దాని 20డీ అనే డీజిల్ రకంలో ఉన్నది ఎన్47 అనే డీజిల్ ఇంజిన్, 184 హార్స్‌పవర్. ఆ తర్వాత వచ్చింది బీ47, 190 హార్స్‌పవర్. ఎన్47 టైమింగ్ చైన్ (ఇంజిన్ లోపలి భాగాలను ఒక లయలో తిప్పే గొలుసు) గొడవ కార్ల పిచ్చి ఉన్నవాళ్లలో చాలామందికి తెలుసు, ముఖ్యంగా 2007 నుంచి 2011 దాకా తయారైన ఇంజిన్లలో ఎక్కువ. చైన్ అరుగుతుంది, తెగితే ఇంజినే పోతుంది. ఆ చైన్ ఉండేది ముందు కాదు, వెనక గేర్‌బాక్స్ వైపు, కాబట్టి మార్చాలంటే మామూలుగా ఇంజిన్ దించాల్సిందే. 2014 నాటికి కంపెనీ దాన్ని చాలావరకు సర్దింది, అయినా ఒకే ధరకు రెండూ దొరుకుతుంటే ఎవరైనా 190 దాన్నే తీసుకుంటారు. కానీ ప్రకటనలో రెండిటికీ '2014 ఎక్స్3' అనే ఉంటుంది!

ఇంకోటి, కొత్త బాడీ, అంటే కొత్త షేప్, వచ్చిన మొదటి ఏడాది బండి కొనకండి. పెనం మీద మొదటి దోసె ఎలా ఉంటుందో ఇదీ అంతే, అంటుకుంటుంది, చిరుగుతుంది, తర్వాతవి చక్కగా వస్తాయి. బీఎండబ్ల్యూ ఎక్స్5లో 2013లో వచ్చిన బాడీ 2018 దాకా నడిచింది, నన్నడిగితే అందులో 17, 18లో తయారైనవి వెతుక్కోమంటాను. 'కొత్త షేప్ వచ్చింది కదా, పాత షేప్ ఎందుకు' అని మా బావ లాంటివాళ్లు అంటారు. ఆ పాత షేప్ అన్నందుకే రేటు పడిపోతుంది, మనకు కావాల్సిందీ అదే.

అలాగని నెల ఒక్కటీ చూస్తే సరిపోదు, కొన్ని జబ్బులు వయసుతో వచ్చేవే. మెర్సిడెస్ ఎంఎల్, 2015లో పేరు మారి జీఎల్ఈ అయింది, వాటి 3 లీటర్ల వీ6 డీజిల్‌లో ఆయిల్ కూలర్ ఇంజిన్ నడిమధ్యన కూర్చుని ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ దాని సీళ్లు వేడికి గట్టిపడి ఆయిల్ కారుతుంది. సీలు చిన్నదే, దాని దాకా చెయ్యి వెళ్లాలంటే పైనున్నదంతా విప్పాలి, బిల్లంతా లేబరే. ఆ పని అయిపోయిన బండి, బిల్లుతో సహా దొరికితే కిలోమీటర్లు ఎక్కువున్నా నేను తీసుకుంటాను. గేర్‌బాక్స్ ఆయిల్ సంగతీ అంతే, 'లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, మార్చక్కర్లేదు' అంటారు, బీఎండబ్ల్యూ లాంటి బండ్లకు గేర్‌బాక్సులు చేసే జెడ్ఎఫ్ కంపెనీ మాత్రం 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. 52 వేలు, 45 వేలు అని మీటరు చూసి మురిసిపోయే మనం ఇవి అడగం. మీటరు తిప్పడం ఎంత పని! స్టీరింగ్ నునుపుదేలి, బ్రేక్ పెడల్ రబ్బరు అరిగి ఉంటే మీటరు ఏం చెబితే ఏంటి.

మన ఊళ్లలో వానల సంగతి కూడా చూడాలి. 2022 సెప్టెంబరులో ఇక్కడ యమలూరు వైపు ఖరీదైన కార్లు నీళ్లలో మునిగిన ఫొటోలు అందరం చూశాం, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకి చెన్నైలోనూ అదే జరిగింది. అలాంటి బండ్లను ఇన్సూరెన్స్ వాళ్లు వేలం వేస్తే కొన్నవాళ్లు కడిగి తుడిచి అమ్ముతారు. సీట్ బెల్టు చివరిదాకా లాగి చూడండి, మట్టి చార ఉంటే అక్కడే తెలిసిపోతుంది. ఇన్సూరెన్స్ కాగితం మీద నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు) కూడా చూడండి. ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతం ఉండాలి, ఏడేళ్ల సింగిల్ ఓనర్ బండికి సున్నా ఉంటే ఎందుకో అడగండి. ఇక ఢిల్లీ డీజిల్ బండ్లు చవకని ఎగబడేవాళ్లకు ఒక మాట: పదేళ్లు దాటిన డీజిల్ అక్కడ తిరగకూడదని 2015లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) చెప్పినప్పటి నుంచీ ఆ వయసుకు దగ్గరపడ్డవి ఇటు రావడం మొదలైంది. ఏడాదికి మించి ఇక్కడ తిప్పాలంటే మళ్లీ రిజిస్టర్ చేయించాలి. కర్ణాటకలో 20 లక్షలు దాటిన కొత్త బండికి లైఫ్ ట్యాక్స్ 18 శాతం, పైన సెస్సు. పాతదానికి వయసును బట్టి తగ్గినా, మిగిలిందనుకున్న డబ్బులో చాలాభాగం ఆర్టీఓ ఆఫీసులోనే పోతుంది.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్ బండ్ల గురించి కూడా చాలా చెప్పొచ్చు గానీ ఒక్కటి చాలు, ఇంటి నుంచి ఆరు కిలోమీటర్లలో ఆఫీసు, అదీ సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో అయితే డీజిల్ వద్దు. పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ శుభ్రపడాలంటే బండి హైవే మీద కాసేపు వేగంగా పరిగెత్తాలి. పెట్రోల్ తీసుకోండి.

మీకు నా విన్నపం ఒక్కటే. మీ క్లాసిఫైడ్స్‌లో కార్ల ప్రకటనలు వేస్తారు కదా, వాటిలో 'మోడల్' అనే మాట పక్కన తయారైన నెల, సంవత్సరం వేయాలని, లేదంటే ప్రకటన తీసుకునేది లేదని మీరు ఒక నియమం పెట్టండి. ఒక అర లైను ఎక్కువ పడుతుంది, అంతే. డీలర్లకు కోపమొస్తుంది, తెలుసు.

బండి నా దగ్గరే ఉంది. వెనక బెలూన్లు రెండూ మార్పించాను, ఇప్పుడు కుంగడం లేదు. నెలకోసారి బాగేపల్లి మీదుగా ఊరికి పోయొస్తున్నాం. నాన్న మాత్రం రచ్చబండ దగ్గర అందరికీ '2017 బండి' అనే చెబుతుంటాడు, నేనేమీ సరిదిద్దలేదు.

ఇట్లు,
మీ పాఠకుడు (ఊళ్లో మీ పేపర్ వస్తుంది, పేరు వేయకండి),
మారతహళ్లి, బెంగళూరు