తేజను బాడిగ అంటే ఊరుకుంటారా?

సంపాదకులు గారికి,

దోహాలో 2025 ప్రపంచ టేబుల్ టెన్నిస్ చాంపియన్‌షిప్ పురుషుల సింగిల్స్ ఫైనల్ ముగిసి పది రోజులు దాటింది. మీ క్రీడల పేజీ అడుగున, ఎరువుల ప్రకటన పక్కన, దాని గురించి ఐదు వరుసల వార్త వేశారు. ‘టైటిల్ నిలబెట్టుకోలేకపోయిన కాల్డెరోనా’ అని శీర్షిక. సవరణ వస్తుందేమోనని రోజూ పొద్దున్నే కళ్లద్దాలు పెట్టుకుని ఆ పేజీ అంతా గాలించాను. రాలేదు. ఇక ఉండబట్టలేక రాస్తున్నాను.

అయ్యా, తనది కాని టైటిల్‌ను ఎవరైనా ఎలా నిలబెట్టుకుంటారు? బ్రెజిల్ ఆటగాడు హ్యూగో కాల్డెరానో ఏప్రిల్‌లో మకావులో గెలిచింది ప్రపంచ కప్. మే 25న దోహాలో ఓడింది ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్. చాంపియన్‌షిప్ 1926లో లండన్‌లో మొదలైంది; సింగిల్స్ గెలిచిన పురుషుడికి సెయింట్ బ్రైడ్ వాజ్ అనే కప్పు ఇస్తారు. ప్రపంచ కప్ 1980లో హాంకాంగ్‌లో పుట్టిన వేరే పోటీ. దోహాలో టైటిల్ నిలబెట్టుకోవలసిన మనిషి ఎవరైనా ఉంటే, అది 2023లో డర్బన్‌లో గెలిచిన ఫాన్ ఝెన్‌డాంగ్. ఆయన అసలు దోహాకు రానే లేదు.

మా గుంటూరు యార్డు మిర్చి ధరలు మీరు రోజూ వేస్తారు. తేజ ఎంత, బాడిగ ఎంత, 334 రకం ఎంత అని విడివిడిగా. ఒక్క రోజు తేజ ధర తీసుకెళ్లి బాడిగ పక్కన వేసి చూడండి. తెల్లారేసరికి మీ కార్యాలయం ముందు మోటారు సైకిళ్లు నిలబడతాయి. టేబుల్ టెన్నిస్ ఆడేవాళ్లకు అంత బలగం లేదు. అందుకే కదా ఈ చులకన!

పొరపాటు ఒకటైతే, పోగొట్టుకున్న కథ ఇంకొకటి. మకావులో కాల్డెరానో సెమీఫైనల్‌లో వాంగ్ చుచిన్‌ను 4-3తో, ఫైనల్‌లో లిన్ షిదోంగ్‌ను 4-1తో ఓడించాడు. ఇద్దరూ చైనావాళ్లే. అప్పటివరకు ఆసియా, ఐరోపా ఖండాల వాళ్లు తప్ప ఇంకెవరూ ఆ కప్పు ఎత్తలేదు. నెల తిరగగానే దోహా ఫైనల్‌లో అదే వాంగ్ చుచిన్ ఎదురుపడి, అదే కాల్డెరానోను 4-1తో ఓడించి లెక్క సరిచేశాడు. ఇంత పగ, ఇంత ప్రతీకారం క్రికెట్‌లో జరిగి ఉంటే నాలుగు పేజీల ప్రత్యేక సంచిక వేసేవారు. ఐపీఎల్ ఆటగాడి జుట్టు కత్తిరింపు మీద మీరు రాసిన వ్యాసం ఈ వార్తకు ఆరు రెట్లు ఉంది. కొలిచే చెబుతున్నాను.

1975లో ఈ చాంపియన్‌షిప్ కలకత్తాలో జరిగినప్పుడు నేను పదో తరగతి. హంగరీ ఆటగాడు జోన్యర్ గెలిచాడన్న వార్తను మా హెడ్మాస్టరు గారు ప్రార్థన సమయంలో పత్రిక చూసి చదివి వినిపించారు. ఆ సాయంత్రం బడిలో ఉన్న ఒకే ఒక్క బల్ల దగ్గర ముప్పై మందిమి వరుస కట్టాం. అప్పట్లో గేముకు 21 పాయింట్లు. మన వంతు వచ్చేసరికి చీకటి పడేది.

ఇప్పుడు బల్లలకు కొదవ లేదు, ఆడనిచ్చే దిక్కే లేదు. నేను మనవడిని తీసుకెళ్లే ప్రాంగణం పేరు రాయను, రాస్తే ఉన్న తాళం కూడా తీయరు. అక్కడ నాలుగు బల్లలున్నాయి. రెండింటి మీద ఎవరిదో సన్మాన సభలో భోజనాలు వడ్డించారు, పసుపు మరకలు ఇంకా పోలేదు. బల్ల ఎత్తు 76 సెంటీమీటర్లు ఉండాలని నిబంధన. మూడో దాని కాళ్ల కింద ఇటుక ముక్కలు పెట్టి ఆ లెక్క కుదిర్చారు. నాలుగోది బాగానే ఉంది కానీ దాని మీద దీపం వెలగదు. అడిగితే ‘అంచనాలు పంపాం’ అంటారు. ఎక్కడికి పంపారో, అవి చేరాయో లేదో వాళ్లకే తెలియాలి. బంతి బరువు 2.7 గ్రాములు. ఫ్యాను వేస్తే ఎగిరిపోతుంది, ఆపితే ఈ రోహిణి కార్తెలో పిల్లలు ఉడికిపోతారు. గాలి ఆడేలా కట్టమంటే గోడకు రంగు వేసి వెళ్లారు.

ఆ రంగుకూ ప్రారంభోత్సవం జరిగింది లెండి. వచ్చిన పెద్దమనిషి బ్యాటును అట్లకాడలా పట్టుకుని ఫొటోకు నిలబడ్డారు. బంతి ఎటు పోయిందో ఆయన చూడలేదు, మేమే వెతికి తెచ్చుకున్నాం. ఆ ఫొటో మీ పత్రికలోనే మూడు కాలమ్‌ల వెడల్పున వచ్చింది. అందులో మాత్రం హోదాలతో సహా ఎవరి పేరూ తప్పు పడలేదు.

సవరణ ఎరువుల ప్రకటన పక్కనే వేసినా నాకు అభ్యంతరం లేదు. ఈసారైనా అతని పేరు కాల్డెరానో అని సరిగ్గా పడేలా చూడండి.

ఇట్లు,
ఒక పాత పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు