ఫోన్ డబ్బా మీద ఆ ఒక్క తేదీ కూడా వేయించండి

సంపాదకులకు నమస్కారం.

పండగ సీజన్ వస్తే చాలు, పేపర్ తెరవగానే ఫుల్ పేజీ ఫోన్ల ప్రకటనలే. పాతది ఇచ్చేయండి, కొత్తది పట్టుకెళ్లండి అంటారు. కొనేవాళ్లను తప్పుపట్టాలని కాదు ఈ ఉత్తరం, ఈ రోజుల్లో కరెంటు బిల్లు కట్టాలన్నా, కూరగాయల బండి దగ్గర స్కాన్ చేయాలన్నా, పిల్లల హోంవర్క్ చూడాలన్నా ఫోన్ ఉండాల్సిందే. కానీ చేతిలో ఉన్న ఫోన్‌నే ఇంకొన్నాళ్లు వాడుకోవచ్చా, మార్చక తప్పదా, మారిస్తే ఏది కొనాలి అని తేల్చుకోవడానికి కావాల్సిన అసలు ముక్క మనకెవరూ చెప్పడం లేదు. ఆ ఫోన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు, అంటే భద్రతా లోపాలను సరిచేయడానికి కంపెనీ పంపే మార్పులు, ఏ నెల, ఏ సంవత్సరం దాకా వస్తాయన్నదే ఆ ముక్క.

మొన్న మా బావమరిది కూతురికి ఫోన్ కొందామని షాపుకి వెళ్లాం. కౌంటర్లో కుర్రాడు చాలా ఓపిగ్గా చూపించాడు, 8 ప్లస్ 8 జీబీ ర్యామ్ అన్నాడు, వెనక మూడు కెమెరాలన్నాడు, ఏఐ అన్నాడు. ర్యామ్ అంటే యాప్‌లు నడిచేటప్పుడు ఫోన్ వాడుకునే మెమరీ. ఆ రెండో 8 జీబీ నిజం ర్యామ్ కాదు, స్టోరేజీలోంచి కొంత తీసి ర్యామ్‌లా వాడుకోవడం, అసలు ర్యామ్ అంత స్పీడు దానికి రాదు. ఇలాంటి ఫోన్లలో మూడో కెమెరా చాలాసార్లు లెక్క కోసం పెట్టిన 2 మెగాపిక్సెల్‌ది. సరే బాబూ, దీనికి అప్‌డేట్లు ఎప్పటిదాకా అని అడిగితే డబ్బా చేతిలోకి తీసుకుని నాలుగు పక్కలా తిప్పి చూశాడు. ఎంఆర్‌పీ ఉంది, తయారైన నెల ఉంది, ఐఎంఈఐ నంబర్లున్నాయి, ఫోన్ రేడియేషన్ మన ఒంటికి ఎంత తగులుతుందో చెప్పే సార్ (SAR) వాల్యూ కూడా ఉంది, అది మాత్రం లేదు. పాపం అతని తప్పేముంది, డబ్బా మీద లేనిది అతను మాత్రం ఎక్కణ్నుంచి తెచ్చి చెప్తాడు?

రూపాయిన్నర మందుబిళ్ల స్ట్రిప్ మీద ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది. పదిహేను వేల ఫోన్ మీద ఉండదు.

ఈ తేదీ ఎందుకు ముఖ్యమంటే, అప్‌డేట్లు ఆగిన రోజున ఫోన్ ఆగిపోదు, మామూలుగానే పనిచేస్తుంది, అందుకే ఎవరికీ టెన్షన్ ఉండదు. కానీ ఆ తర్వాత ఆండ్రాయిడ్‌లో బయటపడే లోపాలకి ఆ ఫోన్లో మరమ్మతు ఉండదు, అదే ఫోన్లో మన బ్యాంక్ యాప్, యూపీఐ, ఓటీపీలు అన్నీ ఉంటాయి. ఇంకొన్నాళ్లకి యాప్‌లే మొరాయిస్తాయి, ఆండ్రాయిడ్ 5 కన్నా పాత వెర్షన్లలో వాట్సాప్ ఇప్పటికే ఆగిపోయింది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కంపెనీ నాలుగేళ్లు అప్‌డేట్లు ఇస్తానంటే ఆ నాలుగేళ్లు మామూలుగా మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి లెక్క, మనం కొన్న రోజు నుంచి కాదు. పండగ సేల్‌లో భారీగా తగ్గేవి ఎక్కువగా ఏడాది, ఏడాదిన్నర కిందటి మోడళ్లే. అంటే నాలుగేళ్ల ఫోన్ అనుకుని కొన్నది రెండున్నరేళ్ల ఫోన్ అవుతుంది, పైగా అందులో ఏడాది ఈఎంఐ కట్టడానికే సరిపోతుంది! కావాలంటే కంపెనీలు ఎక్కువ కాలం ఇవ్వగలవు, 2023లో పిక్సెల్ 8కి గూగుల్, 2024లో గెలాక్సీ ఎస్24కి శాంసంగ్ ఏడేళ్లు ఇస్తామన్నాయి. అవి ఖరీదైన ఫోన్లు. పదీ పదిహేను వేల ఫోన్ కొనేవాడికే ఆ కాలం చాలావరకు తక్కువ, మళ్లీ మళ్లీ కొనాల్సి వచ్చేదీ వాడికే.

అందుకే నా లెక్క ఇది. అప్‌డేట్లు ఇంకా వస్తూ, ఛార్జింగ్ మాత్రమే నిలవకపోతే బ్యాటరీ మార్పించుకోండి, ఫోన్ మార్చకండి. లిథియం బ్యాటరీ వాడేకొద్దీ బలం తగ్గడం సహజం, అది ఫోన్ ముసలిదైపోయినట్టు కాదు. అప్‌డేట్లు ఆగిపోయి, దాంట్లోనే డబ్బు లావాదేవీలు చేస్తుంటే మాత్రం మార్చడమే మంచిది. కెమెరా కోసం, రంగు కోసం మార్చుకునేవాళ్లు మార్చుకోవచ్చు, అది వాళ్ల సరదా. అయితే చిన్న ఊళ్లలో ఒరిజినల్ బ్యాటరీ దొరకడమే గగనం, సర్వీస్ సెంటర్ కోసం జిల్లా కేంద్రానికి వెళ్లాలి, అక్కడ పార్ట్ లేదు వారం ఆగండి అంటే కూలికెళ్లే మనిషి ఏం చేస్తాడు, అప్పు చేసి కొత్తది కొంటాడు.

ఇదంతా అయ్యే పని కాదనుకోకండి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఫోన్ అమ్మేవాళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో బయటకు చెప్పి తీరాలి. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి ఇంకా గట్టి నిబంధనలు వచ్చాయి, ఒక మోడల్ అమ్మకాలు ఆపాక కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు, ఏడేళ్లు విడిభాగాలు ఇవ్వాలి, బ్యాటరీ 800 సార్లు ఛార్జ్ అయ్యాక కూడా 80 శాతం సామర్థ్యం నిలవాలి, మరమ్మతు ఎంత సులువో లేబుల్ మీద ఉండాలి. మన దగ్గరా కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్ తెరిచింది. రిపేరబిలిటీ ఇండెక్స్ (మరమ్మతు ఎంత సులువో చెప్పే సూచీ) కోసం వేసిన కమిటీ 2025 మేలో నివేదిక కూడా ఇచ్చింది, విడిభాగాలు, మరమ్మతు సమాచారం, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు చూసి ఫోన్లకి మార్కులు వేయాలని చెప్పింది. ఆ మార్కులు నేను చూసిన ఏ డబ్బా మీదా లేవు.

కాబట్టి ప్రభుత్వాన్ని అడిగేది ఒక్కటే, ఎంఆర్‌పీ పక్కన "సెక్యూరిటీ అప్‌డేట్లు ఫలానా నెల, ఫలానా సంవత్సరం వరకు" అని ముద్రించడం తప్పనిసరి చేయండి, ఆన్‌లైన్‌లో అమ్మేచోట ధర కిందే అది కనిపించాలి. మన ఎంపీలు, ఏ పార్టీ వాళ్లయినా సరే, పార్లమెంటులో దీని మీద ఒక ప్రశ్న వేయాలి.

మీకూ ఒక విన్నపం. మీ టెక్నాలజీ పేజీలో కొత్త ఫోన్ వచ్చినప్పుడల్లా మెగాపిక్సెళ్లు, వాట్లు రాస్తున్నారు. వాటి పక్కనే అప్‌డేట్లు ఎప్పుడు ఆగిపోతాయో, బ్యాటరీ మార్పించడానికి ఎంతవుతుందో కంపెనీని అడిగి రాయండి. కంపెనీ చెప్పకపోతే చెప్పలేదని రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
తెనాలి