బోరు నీళ్లు బంద్ చెయ్‌రా

మల్లేశ్,

ఉత్తరం అందిందిరా. కారుల కూలెంట్, అంటే ఇంజన్‌ను సల్లగుంచే ద్రవం, తగ్గినప్పుడల్లా ఇంటి బోరు నీళ్లు పోస్తున్న అని రాసినవ్. ముందుగల్ల అది బంద్ చెయ్. నీళ్లు కాగబెట్టే గిన్నె అడుగున తెల్లగ పొర కడతది చూడు, కూలెంట్ సల్లబడే రేడియేటర్ల సన్న గొట్టాలల్ల కూడ గదే కడతది. ఇంజను వేడి బయటికి పోవుడు తగ్గుతది. అల్యూమినియం భాగాలను తుప్పు తినకుండ కూలెంట్ల మందు ఉంటది, నీళ్లు పోసినకొద్దీ అది పలచబడతది.

"మన దగ్గర మంచు పడతదా, కూలెంట్ ఎందుకు?" అన్నవ్. సలికి గడ్డకట్టకుండ ఆపే సంగతి ఇడిసిపెట్టు. ఎండకాలం రామగుండం రోడ్డు మీద ఏసీ ఏసుకొని పోతాంటె నీకు కావాల్సింది ఎక్కువ మరుగు స్థానం. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే మామూలుగ 107 డిగ్రీల దగ్గర మరుగుతది. రేడియేటర్ మూత లోపల ఒత్తిడి సుమారు 15 పీఎస్ఐ, అంటే టైర్ల కొట్టిచ్చే గాలిల సగం. ఆ ఒత్తిడికి మరుగు స్థానం దాదాపు 129కి ఎక్కుతది. అందుకే ఇంజను కాగి ఉన్నప్పుడు మూత తీయొద్దు. ఒత్తిడి పోంగనే లోపలున్నది ఒక్కసారి మరిగి ముఖం మీదికి చిమ్ముతది. కనీసం గంట ఆగు. కాగిన ఇంజన్ల సల్ల నీళ్లు పోస్తే హెడ్డు, అంటే ఇంజను మీది భాగం, పగలొచ్చు, అది ఇంకో ఖర్చు.

కూలెంట్ డబ్బాల మట్టం పొద్దుగాల, బండి స్టార్ట్ చెయ్యకముందు, చదును జాగల చూడాలె. మినిమం, మ్యాక్సిమం గీతల నడుమ ఉంటే చాలు. మీదిదాక నింపకు, వేడికి ఉబ్బి బయటికి కారిపోతది. కొనేటప్పుడు రంగు చూసి కొనకు. ఒకటే పచ్చ రంగుల వేరే వేరే రకాలొస్తయి, కలిస్తే కొన్ని జిగురులెక్క గడ్డకడతయి. బండి పుస్తకంల రాసిన రకమే తీసుకో. "రెడీ మిక్స్" అని ఉంటే నీళ్లు కలపొద్దు, కాన్సన్‌ట్రేట్, అంటే నీళ్లు కలపని చిక్కటిది అయితే, డిస్టిల్డ్ వాటర్ సగానికి సగం కలుపు.

ఇగ అసలు ముచ్చట. మూసిన సిస్టమ్‌ల కూలెంట్ నెలనెలా తగ్గొద్దు. తగ్గుతాందంటే యాడనో పోతాంది. హోస్ పైపుల క్లిప్పుల కాడ, వాటర్ పంప్ కింద ఎండిపోయిన మరకలున్నయేమో చూడు. మూత రబ్బరు పగిలితే ఒత్తిడి నిలువది, మూత మార్చుడు అగ్గువ పనే, ముందు గదే చూడు. లోపల కాళ్ల కాడ కార్పెట్ తడిసి తియ్యటి వాసనొస్తే హీటర్ కోర్, అంటే కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్, కారుతాందన్నట్టు. బయట యాడ తడి లేక, ఇంజను వేడెక్కినంక కూడ పొగగొట్టంల తెల్ల పొగ ఆగకుంటె హెడ్ గ్యాస్కెట్, అంటే హెడ్డు కింద ఉండే సీలు, మీద అనుమానం పెట్టుకో. అప్పుడు బండి నడపకు, కాజీపేట మెకానిక్‌నే ఇంటికి పిలిపిచ్చి ప్రెషర్ టెస్ట్ చెయ్యమను.

పాతది మొత్తం దింపి కొత్తది పోసినంక గాలి తీపియ్యుడు మర్వొద్దు. హీటర్ ఫుల్లు వేడి మీద పెట్టి, రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాక ఇంజను నడవాలె. గాలి మిగిలితే వేడి మీటర్ కూడ తప్పు చూపిస్తది. దింపిన కూలెంట్ ఆకిట్ల పోయకు, తియ్యగుంటదని కుక్కలు నాకుతయి, అది విషం.

ఇయ్యాళ కూలెంట్ డబ్బా మీద స్కెచ్ పెన్నుతోని మట్టం కాడ గీత గీసి తారీఖు ఏసుకో. పది రోజులకు ఎన్ని వేళ్లు దిగిందో రాయి.

నీ దోస్తు