రిపోర్టులో ‘పాజిటివ్’ అంటే ఏమిటో తెలుగులో రాయండి

సంపాదకులకు,

వానలు పడితే చాలు, నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి చుట్టుపక్కల రిపోర్టులు చేతపట్టుకున్నవాళ్లు కనబడ్డవాళ్లందరినీ అడుగుతుంటారు: ‘పాజిటివ్ అని వచ్చింది, మంచిదేనా?’ ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను గనక మా బస్తీలో ఆ కాగితాలు నా దగ్గరికీ వస్తాయి. అడిగేవాళ్లది తెలివితక్కువతనమంటే నేనొప్పుకోను. పొద్దున లేస్తే టీవీలో ‘పాజిటివ్‌గా ఆలోచించండి’ అని వినేవాళ్లకు, డెంగీకి చేసే ఎన్‌ఎస్1 పరీక్ష పాజిటివ్ అంటే చెడ్డకబురని ఎట్లా తోస్తుంది?

పరీక్షలో పాజిటివ్ అంటే వెతికింది దొరికిందని అర్థం. ఏం వెతికామన్నదాన్నిబట్టి అది మంచో చెడో అవుతుంది. కాలేయానికి వచ్చే హెపటైటిస్ బీనే చూడండి. హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ అయితే వైరస్ ఒంట్లో ఉన్నట్టు. యాంటీ హెచ్‌బీఎస్ పాజిటివ్ అయితే, టీకా వల్లనో పాత ఇన్ఫెక్షన్ నయమవడం వల్లనో రక్షణ వచ్చినట్టు. ఈ రెండూ ఒక్కోసారి ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి ఉంటాయి. టీకాలు పూర్తయిన కొడుకు రిపోర్టులో రెండోది చూసి ఒక తల్లి నా ముందే ఏడ్చింది. డిగ్రీ చదివిన మనిషి ఆమె. టీబీకి చేసే మంటూ పరీక్ష ఇంకో తీరు. అది పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, బీసీజీ వేయించుకున్నవాళ్లకూ రావచ్చు.

బ్లడ్ గ్రూపు దగ్గర ఈ మాటకు మంచీ చెడూ రెండూ లేవు. ఎర్ర రక్తకణాల మీద ఆర్‌హెచ్ డి యాంటిజెన్ అనే ప్రొటీన్ ఉంటే పాజిటివ్, లేకుంటే నెగటివ్. అయితే తల్లిది నెగటివ్, బిడ్డది పాజిటివ్ అయినప్పుడు కాన్పయిన 72 గంటల్లోపు తల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. లేకపోతే తర్వాతి కాన్పులో బిడ్డ ప్రాణానికే ముప్పు రావచ్చు. ‘నెగటివ్ అంటే ఏం లేనట్టే గదక్కా’ అని ఓ గర్భిణి ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టేసుకుంది. అందులో ఒక్క తెలుగు వాక్యం ఉన్నా నాకంత భయమేసేది కాదు.

ప్రతి ఫలితం పక్కనా మామూలు విలువలు అచ్చువేసే కంప్యూటర్‌కు ఇంకో వాక్యం బరువేమీ కాదు. ‘వైరస్ కనిపించింది, డాక్టర్‌ను కలవండి’, ‘రక్షణ ఉంది’, ‘గర్భిణి అయితే ఈ గ్రూపు సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి’ అని తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి. వైద్య ఆరోగ్య శాఖ ముందు సర్కారు ల్యాబుల్లో మొదలుపెట్టి, ప్రైవేటు ల్యాబులకూ తప్పనిసరి చేయాలి.

- ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, రామ్‌నగర్, హైదరాబాద్