బొగ్గు, గంధం

సెయింట్ లూయిస్,
జూన్ నెల

అక్కా,

మన తిరుపతి గంగమ్మ జాతర వీడియోలు అన్నీ చూశాను. తోటి వేషం, అదే ఊరి పనివాడి వేషం, వేసిన ఆయన్ను బాగా దగ్గరగా తీశావు. దాని మీదే ఇక్కడ పెద్ద చర్చ జరిగింది. ఫోన్లో చెబితే పాపకు అన్నం పెడుతూ ఊఁ కొడతావు, సగం వినవు. అందుకే రాస్తున్నా.

నేను నేర్చుకుంటున్నది కేథరిన్ డనమ్ నృత్య పద్ధతి అని చెప్పాను కదా. ఆమె 1909లో పుట్టిన నల్లజాతి అమెరికన్. షికాగోలో ఆంత్రొపాలజీ, అంటే మనుషుల ఆచారాల గురించిన శాస్త్రం, చదువుతూ 1935లో జమైకా, హైతీలకు బయల్దేరింది. చూసి నోట్సు రాసుకుని వచ్చేయలేదు. వాళ్లతో కలిసి ఆడింది, హైతీలో అక్కడి మతం వోడూలో దీక్ష కూడా తీసుకుంది, ఆ తర్వాత పుస్తకాలు రాసింది. 82 ఏళ్ల వయసులో, 1992లో, హైతీ శరణార్థులను అమెరికా వెనక్కి పంపేస్తోందని 47 రోజులు నిరాహార దీక్ష చేసింది. ఆమె ఉన్న ఊరు మాకు నది అవతలే. మన నాట్యంలో వీపు నిటారుగా పట్టుకోవడం అలవాటా, ఈ క్లాసులో వెన్ను వదలమంటారు. నాకు ఇప్పటికీ రాత్రిళ్లు నడుం నొప్పే.

సరే, అసలు సంగతి. గంగమ్మ వేషాల మీద నేనే మాటలు రాసుకుని ఒక నృత్యం తయారుచేస్తున్నా. నీ వీడియో చూపించి, ఇలాగే ఒళ్లంతా బొగ్గు పూసుకుని ఆడతానంటే క్లాసంతా గమ్మునైపోయింది. 19వ శతాబ్దంలో ఇక్కడి తెల్ల నటులు కాల్చిన బిరడా మసి ముఖానికి రుద్దుకుని, నల్లవాళ్లను వెక్కిరిస్తూ జనాన్ని నవ్వించేవాళ్లు. అందుకే ఏ కారణంతో నలుపు పూసుకున్నా వీళ్లకు ఒళ్లు మండుతుంది.

మాది వెక్కిరింత కాదు, మొక్కు. ఆడవాళ్లను చెరబట్టిన పాలెగాణ్ణి చంపడానికి వెతుకుతూ అమ్మవారే ఆ రూపాల్లో తిరిగింది అని వాదించాను. ఒక పెద్దావిడ, "మరి దొర వేషానికి ఏం పూస్తారు?" అంది. గంధం అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. నాకే నిద్ర పట్టలేదు. తోటికి బొగ్గు, దొరకు గంధం అని ఎవరు పెట్టారక్కా?

స్టేజి ఎక్కేముందు నా మెడకూ చేతులకూ తెల్లటి పాన్‌కేక్ మేకప్ మందంగా రుద్దేవాళ్లు, గుర్తుందా? నీకు అంత అవసరం ఉండేది కాదు. "నువ్వు సీతేందే, శూర్పణఖవి" అని అవ్వ నవ్వేది. జాతరలో మాత్రం నా రంగు ఊసు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. అందరూ ఏదో ఒకటి పూసుకునేవాళ్లే కదా. నాకు ఆ వారం అంత ఇష్టం ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది.

బొగ్గు పూయను, గంధమూ పూయను, పాన్‌కేక్ అసలే వద్దు. నడకలోనే తోటి, దొర మారాలి. వస్తుందో రాదో, టెన్షనే.

నువ్వొక పని చెయ్యి. వేషాలు కట్టే కైకాల వాళ్లింట్లో పెద్దాయన్ను కలువు. అది వాళ్ల హక్కు. ఇక్కడి స్టేజి మీద, అందులో ఆడదాన్ని, ఆడితే అభ్యంతరమా అని అడుగు. డనమ్ దీక్ష తీసుకుని మరీ ఆడింది, నేను అడగనైనా అడగాలి. కోప్పడకపోతే బొగ్గు సంగతి, గంధం సంగతి కూడా కదిలించు. వద్దంటే వేరే కథ చూసుకుంటా, ప్రోగ్రాం నవంబర్లో కాబట్టి టైం ఉంది.

నాయనకు ఇప్పుడే చెప్పొద్దు. పాపకు ముద్దులు.

నీ చెల్లెలు