కొత్తగా పరుగు మొదలుపెట్టేవారికి

సభ్యులందరికీ నమస్కారం. సోమవారం నుంచి నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో మాతో కలవబోయేవారు, ముఖ్యంగా 40 దాటి, ఒళ్లు బరువెక్కి, రెండంతస్తులు ఎక్కితేనే ఆయాసపడేవారు, ఈ నాలుగు మాటలు చదివి రావాలని కోరుతున్నాను.

1 నిమిషం మెల్లగా పరుగు, 2 నిమిషాలు నడక, ఇలా 20 నిమిషాలు చేస్తే మొదట్లో చాలు. పరుగెడుతూనే పక్కవారితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టే. నేను రెండో వారంలోనే ఆత్రపడి ఆగకుండా 3 కిలోమీటర్లు పరుగెత్తాను. మర్నాడు మోకాలి కింద ముందెముక వెంట వేలు పెడితే ప్రాణం విలవిల్లాడింది, 18 రోజులు ఇంట్లోనే కూర్చోవలసి వచ్చింది. ఊపిరి, గుండె కొన్ని వారాల్లోనే అలవాటుపడతాయి గాని ఎముకలకూ, కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులకూ నెలలు పడుతుంది కాబట్టి, దమ్ము నిలుస్తోంది కదా అని ఒక్కసారిగా దూరం పెంచవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

మన ఊరి ఉక్కపోతలో చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు; అందుకే తెల్లవారుజామున 5.30కే మొదలుపెడదాం. మైపాడు సముద్రతీరంలో పరుగెడదామని అడిగినవారు కొంతకాలం ఆగాలి, అక్కడి తడి ఇసుక నీటివైపు వాలుగా ఉండి ఒక కాలిమీదే భారం వేస్తుంది.

బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగాకే రండి. పోటీ అంటే ముందు 5 కిలోమీటర్లదే, 21.1 కిలోమీటర్ల హాఫ్ మారథాన్ సంగతి వచ్చే ఏడాది చూద్దాం.