వాకిట్లో గీసిన వ్యాన్

ఒరేయ్ బావా,

"న్యూజీలాండ్ సంగతి ఏమైందిరా" అని ఫోన్లో అడిగి, నేను నోరు విప్పేలోపే మీటింగంటూ పెట్టేశావు. అందుకే తీరిగ్గా రాస్తున్నా. ఇంటిల్లిపాదీ వ్యాన్లో తిరిగొచ్చే ట్రిప్పు ఖాయం అయింది. వీసాలు కూడా వచ్చేశాయి. మే మొదటివారంలో బయల్దేరుతున్నాం. దాళ్వా కోతలై, ధాన్యం కళ్ళంలోంచి కదిలేదాకా నాన్న ఊరు దాటనన్నారు. పిల్లలకీ అప్పటికి సెలవులొస్తాయి. మనకి రోళ్ళు పగిలే ఎండలైతే వాళ్ళకి ఆకులు రాలే కాలం. జనం పల్చబడతారు కాబట్టి డిసెంబరు, జనవరిలకంటే వ్యాన్ అద్దె బాగా తక్కువ.

ఆరుగురు పడుకునే క్యాంపర్‌వ్యాన్, చక్రాల మీద ఇల్లన్నమాట. ఆక్లండ్‌లో తీసుకుని క్రైస్ట్‌చర్చ్‌లో అప్పగించాలి. "ఆ దేశంలో హోటళ్ళు లేవా?" అని మూతి ముడిచిన అమ్మ, లోపల గ్యాస్ పొయ్యి ఉంటుందనీ, మూడు పూటలా మన వంటేననీ చెప్పగానే మెత్తబడింది.

మొన్న ఆదివారం అమ్మ చేతే వాకిట్లో ముగ్గుపిండితో ఆ వ్యాన్ని గీయించాను. పొడవు 23 అడుగులు, వెడల్పు 7. పొయ్యి ఇక్కడ, సింకు పక్కన, వెనక మంచాలు, మూల బాత్రూం. ఆరుగురం లోపల నిలబడ్డాం. నాన్న పేపరు విప్పితే ఆయన మోచెయ్యి ఫ్రిజ్జులో ఉంది. పెద్ద సూట్‌కేసులు తెచ్చి పెడితే మనిషి నడిచే దారే లేదు. అప్పటికప్పుడు అవి అటకెక్కాయి. మనిషికో మెత్తటి సంచి, ఖాళీ అయ్యాక మడిచి సీటు కింద తోసేయడమే. వీధిలో పోయేవాళ్ళంతా ఆగి, "ఏంటండీ, కొత్త గది కడుతున్నారా?" అని అడగడం.

అసలు గొడవ టాయిలెట్ దగ్గర వచ్చింది. దాని కింద ఇరవై లీటర్ల డబ్బాలాంటిది ఉంటుంది. నిండగానే లాగి, డంప్ స్టేషన్‌కి తీసుకెళ్ళి పారబోసి, కడిగి, మందు వేసి మళ్ళీ తోయాలి. గిన్నెలు కడిగిన నీళ్ళకి వేరే ట్యాంకు, అవీ అక్కడే వదలాలి. మన పంటబోదె కాదు కదా, ఎక్కడపడితే అక్కడ వదిలేయడానికి. లోపల బిగించిన టాయిలెట్ ఉండి, బండికి సర్టిఫికెట్ ఉంటేనే క్యాంపు బయట ఆపుకుని పడుకోనిస్తారు, అదీ అనుమతి ఉన్నచోటే. లేదంటే వందల డాలర్ల జరిమానా. మరి ఆ డబ్బా ఎవరు ఎత్తాలి? "బండి నడిపేవాళ్ళే చూసుకోవాలి" అని మా ఆవిడ తేల్చేసింది. నేను నీళ్ళు నములుతుంటే నాన్న, "పశువులపాకలో పేడ ఎత్తి పెరిగాను, నాకివ్వండ్రా" అన్నారు. ఇంట్లో ఒక్కసారిగా టెన్షన్ తీరిపోయింది. నిజానికి ఈ ట్రిప్పుకి అందరికంటే తయారుగా ఉన్నది ఆయనే.

అమ్మ మిక్సీ సర్దింది. వ్యాన్లో బ్యాటరీ లైట్లకీ, నీళ్ళ పంపుకీ, ఫ్రిజ్జుకీ పనికొస్తుంది గానీ మిక్సీ తిరగదు. కరెంటు ప్లగ్గు ఇచ్చే క్యాంపుల్లో ఆగిన రాత్రే పచ్చళ్ళు రుబ్బుకోవాలి. అక్కడి ప్లగ్గు కాళ్ళు ఏటవాలుగా ఉంటాయి, అడాప్టర్ కొన్నాను.

తిండి విషయంలో వాళ్ళు మహా గట్టి. ఆత్రేయపురం పూతరేకులు, చేగోడీలు, కందిపొడి, ఆవకాయ ఏది పట్టుకెళ్ళినా డిక్లరేషన్‌లో రాసి చూపించాలి. దాచామని తేలితే అక్కడికక్కడే 400 డాలర్లు. వాళ్ళు వద్దంటే పారేసి ముందుకెళ్ళడమే. పచ్చి కరివేపాకు, తేనె ఊసే ఎత్తొద్దన్నాను. పూతరేకుల్లో నెయ్యి ఉంటుంది కాబట్టి వాటినీ మానిపించా. అమ్మ ఇంకా అలిగే ఉంది. బూట్లకి మట్టి కూడా ఉండకూడదు. నాన్న పొలం చెప్పులు తెస్తానంటే ఇంటిల్లిపాదీ అడ్డుపడ్డాం.

ఇంటర్నేషనల్ పర్మిట్ ఆర్టీవో ఆఫీసులో తీసుకున్నా, ఏడాది చెల్లుతుంది. అక్కడా మనలాగే ఎడమవైపు డ్రైవింగే. ఒక్క బండి పట్టే వంతెనలు చాలా ఉంటాయట. మన కాలవ వంతెనల మీద ఎవడి హారన్ గట్టిదైతే వాడిదే దారి. అక్కడ బోర్డు మీద మన వైపు బాణం ఎర్రగా, చిన్నగా ఉంటే మనమే ఆగాలి. చిన్నదానికి ఐదేళ్ళే, ఏడు నిండేదాకా పిల్లలకి ప్రత్యేకం సీటు ఉండి తీరాలి. బండి కదులుతుంటే ఎవ్వరూ మంచమెక్కకూడదు. అమ్మ నడుం వాల్చడానికి రెండు గంటలకోసారి ఆపుతాను.

వెల్లింగ్టన్ నుంచి పిక్టన్‌కి వ్యాన్ని ఓడెక్కించాలి. సఖినేటిపల్లి రేవులో పంటు మీదకి కారెక్కించినవాణ్ణే గానీ, ఇది మూడున్నర గంటల సముద్రం. గ్యాస్ సిలిండర్ ఆపేసి, మనుషులంతా పైకి వెళ్ళి కూర్చోవాలి. దక్షిణాన తెకాపో సరస్సు, 3,724 మీటర్ల అవొరాకీ (మౌంట్ కుక్) కొండ చూస్తాం. కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ మిల్‌ఫర్డ్ సౌండ్ మాత్రం మానేశా. చలి ముదిరితే ఆ దారిలో టైర్లకి గొలుసులు కట్టాలి. ఆరుగురు మనుషుల్ని పెట్టుకుని నాకెందుకొచ్చిన సాహసం?

ఒక్క సాయం చెయ్యి. కారులో హైదరాబాద్ వచ్చి, మీ అపార్ట్‌మెంట్లో దాన్ని వదిలి శంషాబాద్ వెళ్దామనుకుంటున్నాం. మూడు వారాలు పెట్టనిస్తారేమో వాచ్‌మన్‌ని అడిగి చెప్పు. కుదరదంటే మొహమాటపడకు, నరసాపురం నుంచి రైలెక్కి వచ్చేస్తాం. టికెట్లు దొరకడం కష్టం కాబట్టి ఈ వారంలోనే తేల్చు.

ఉంటానురా,
నీ బావ